ఓబులమ్మ మునగకొమ్మ

అనగా అనగా, వానలు తక్కువ, ఆజ్ఞలు ఎక్కువ అయిన రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యంలో గవ్వలదిన్నె అని ఒక ఊరు. ఎర్రమట్టి నేల, మెట్ట సేద్యం. జొన్నలు పండేవి, కందులు పండేవి. కూరాకు మాత్రం పండేది కాదు. నేల పండించలేక కాదు సుమా, పండించుకోనిచ్చేవారు కాదు.

రాజుగారి ఆజ్ఞ అలా ఉండేది. "ఊళ్లో నీళ్లు తక్కువ. కాబట్టి ఎవరూ పెరట్లో కూరమడి కట్టరాదు. మడికి నీళ్లు పారించరాదు. కూరాకు అంతా రాజతోటలోనే పండాలి."

రాజతోట ఊరి చివర ఉండేది. దానికో పెద్ద బావి, బావి మీద ఏతాలు. కూర కావాలన్నవాళ్లు వెళ్లి ఏతం తొక్కాలి.

ఏతం అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కదా, చెప్పుకుందాం. నిలువుగా ఒక గుంజ. దాని మీద అడ్డంగా పొడవాటి దూలం. దూలం కొనకు తాడు, తాడు చివర బాన. మనిషి దూలమెక్కి ఇటు నడిస్తే బాన బావిలోకి దిగుతుంది, అటు నడిస్తే నీళ్లతో పైకి లేస్తుంది. అలా పొద్దస్తమానం ఇటూ అటూ నడవాలి. అంత నడిచీ ఎంత దూరం పోయినట్టు? ఎక్కడికీ పోనట్టే. సాయంత్రానికి చేతికి వచ్చేది ఒక తోటకూర కట్ట.

ఆ కట్ట కూడా ఊరికే రాదు. తోట వాకిట్లో చెంగప్ప అనే పెత్తందారు మంచమేసుకుని కూర్చునేవాడు. ఆయన ముందు నడుము వంచి, చూపు నేల మీద పెట్టి, "తమరి చలవ" అనాలి. అంటే తమరి దయవల్లే నేను తింటున్నాను అని. నీళ్లు తోడింది ఊరివాళ్లు, కలుపు తీసింది ఊరివాళ్లు. చలవ మాత్రం చెంగప్పది.

ఊరంతా వంగేది. వంగి వంగి అలవాటైపోయి, ఆ వంపు ఎవరికీ కనిపించేది కాదు.

ఒకనాటి సాయంత్రం ఓబులమ్మ అనే ఆమె కట్ట కోసం వచ్చి నిలబడింది. ఆమె కూతురు రంగి పచ్చి బాలింత. అల్లుడు గొర్రెల మందను తోలుకుని కొండలకు పోయాడు. బాలింత నాలుగు ఆకులు తింటేనే కదా చంటిబిడ్డకు పాలు. అందుకని ఓబులమ్మ పొద్దున్నే వచ్చి ఏతం తొక్కింది. తొక్కి తొక్కి నడుము కొయ్యబారిపోయింది.

"తమరి చలవ," అంది నిలబడే.

చెంగప్ప కట్ట చాచినవాడు చాచినట్టే ఆగాడు. "ఏం ఓబులమ్మా, నీ నడుముకేమైంది?"

"పొద్దుటి నుంచి నీ ఏతం మీదే ఉంది సామీ. ఇప్పుడు వంగనంటోంది."

వెనక వరసలో ఎవరో దగ్గినట్టు నవ్వారు. చెంగప్ప ముఖం మాడిపోయింది. చేతిలో కట్టను పక్కనే కట్టేసిన ఎద్దు ముందుకు విసిరేశాడు.

"రేపు వంగుతుందేమో చూసుకుని రా," అన్నాడు.

"ఇంట్లో బాలింత ఉంది సామీ."

"అయితే ఇంకాస్త కిందికి వంగాలి."

ఓబులమ్మ ఎద్దు వైపు చూసింది. అది తల వంచి ఆకులు మేస్తోంది. "దానికి అలవాటు సామీ, వంగి తింటోంది," అని, కొంగు దులుపుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ పూట జొన్నసంకటిలోకి ఉప్పూ మిరపకాయే దిక్కయ్యాయి. రంగి బిడ్డను ఒళ్లో వేసుకుని మెల్లగా అంది, "అమ్మా, ఒక్కసారి వంగితే ఏం పోయింది?"

"ఒక్కసారి వంగితే ఏమీ పోదు. నేను రోజూ వంగుతుంటే, నీ బిడ్డకు నిలబడటం ఎవరు నేర్పుతారు?"

మాటైతే అంది. మాటతో పాలు రావు కదా. అది ఓబులమ్మకూ తెలుసు. ఆమె ఆలోచించింది. ఆజ్ఞలో ఏముంది? మడి కట్టరాదు. నీళ్లు పారించరాదు. మడీ నీళ్లూ అక్కరలేని కూర ఏదైనా ఉందా?

ఉంది. కొండ అవతల ఓబులమ్మ అక్క ఊళ్లో ఉంది. మునగ.

గవ్వలదిన్నెలో మాత్రం ఒక్క మునగచెట్టూ లేదు. ఇంటి దగ్గర మునగ ఉంటే దయ్యాలొచ్చి కూర్చుంటాయని అక్కడివాళ్ల నమ్మకం. ఆ మాట ఎవరు పుట్టించారో ఎవరికీ తెలియదు. చెంగప్ప తాత పెత్తనం చేసిన నాటి నుంచీ ఉందని మాత్రం ముసలివాళ్లు చెప్పేవారు.

తెల్లవారగానే ఓబులమ్మ అక్క ఊరికి బయలుదేరింది. చేతిలావు మునగకొమ్మ ఒకటి నెత్తిన పెట్టుకుని, మునగాకు మూట చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది. కొమ్మను పెరటి మూల పాతింది. ఎలా పాతాలో తెలుసా? మొదలు కిందికి, కొన పైకి. కోసిన తల ఎండకు చీలిపోకుండా, దాని మీద ఇంత పేడముద్ద. అంతే. చెంబుడు నీళ్లు కూడా పోయలేదు. ఆజ్ఞ కదా మరి.

పక్కింటి తిప్పమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. ఊళ్లో అందరికంటే పెద్దది, అందరికీ వరసకు అత్త.

"ఏమే ఓబులా, మునగా? దయ్యాలొస్తాయే."

"రానీ అత్తా. వచ్చినా ఏతం తొక్కమనవు కదా."

తిప్పమ్మ బుగ్గలు నొక్కుకుని తన పనికి పోయింది.

వానకు వేరు పట్టింది. ముద్ద పక్కనుంచి చిగురు తొంగిచూసింది. చిగురు రెమ్మయింది, రెమ్మ కొమ్మయింది. ఆకు కోతకు వచ్చేదాకా ఓబులమ్మ అక్క ఊరికి తిరుగుతూ మూటలు మోసింది. ఆ తరవాత తిరగాల్సిన పని లేకపోయింది.

మునగాకు దూయడం చిన్న చిన్న ఆకులతో విసుగు పని అంటారు. దానికీ ఒక ఉపాయం ఉంది. రెమ్మలను గుడ్డలో మూటకట్టి రాత్రి వదిలేస్తే, పొద్దున విదిలించగానే ఆకంతా తనంతట తనే రాలుతుంది. ఆ ఆకును ఓబులమ్మ ఒకరోజు కందిపప్పులో వేసేది. ఒకరోజు నువ్వులపొడి జల్లి వేపేది. ఒకరోజు జొన్నపిండిలో కలిపి రొట్టె కాల్చేది. రంగి బుగ్గలకు రంగు వచ్చింది. చంటిది కడుపునిండా తాగి, కాళ్లు తన్నుకుని నిద్రపోయేది.

పప్పు వాసన గోడ దాటింది. వాసన వెంట తిప్పమ్మ వచ్చింది.

"నాలుగు రెమ్మలియ్యవే."

"ఆకు అడిగితే ఒక పూటకిస్తాను అత్తా. కొమ్మ అడిగితే ఎప్పటికీ ఇస్తాను. ఏది కావాలో చెప్పు."

"దయ్యాలో?"

"నీ నోరు చూస్తే అవే పారిపోతాయి."

తిప్పమ్మ కొమ్మే తీసుకుంది. ఆమె పెరట్లో ఆకు వచ్చింది కానీ దయ్యాలు రాలేదు. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు. ఏడాది తిరిగేసరికి ఇంటింటా ఒక మునగ లేచింది. తోటలో ఒక ఏతం ఆగింది. తరవాత ఇంకొకటి ఆగింది. వాకిట్లో చెంగప్ప మంచం ముందు వరస పలచబడింది.

చెంగప్పకు సంగతి అర్థమైంది. భటులను వెంటబెట్టుకుని నేరుగా ఓబులమ్మ పెరట్లోకి వచ్చాడు.

"రాజాజ్ఞ మీరావు."

"మడి ఉందా సామీ? వెతుక్కో. నీళ్లు పారాయా? తడిమి చూడు."

చెంగప్ప వంగి మట్టి తడిమాడు. పొడి. ఆ పెరట్లో ఆయన వంగడం చూసి తిప్పమ్మ గోడ అవతల కొంగు నోట్లో కుక్కుకుంది.

దండించడానికి దారి దొరకలేదు. అందుకని గొంతు మార్చాడు. "అసలు నీలాంటి బుద్ధిమంతురాలు ఈ రాజ్యంలోనే లేదు ఓబులమ్మా. నువ్వు ఏతం తొక్కనక్కరలేదు. రోజూ గంపెడు కూర ఇంటికే పంపుతాను. ఈ చెట్టు కొట్టేసి, నలుగురి ముందు వాకిట్లోకి వచ్చి ఒక్కసారి చలవ అను. చాలు."

"నన్ను మునగచెట్టు ఎక్కించకు సామీ," అంది ఓబులమ్మ. "నా చెట్టు నేనే ఎక్కలేక, ఆకు లాగడానికి కొక్కెం పెట్టి దోటి కట్టుకున్నాను."

అంతే. చెంగప్ప వెంటనే గొడ్డలి తెప్పించాడు. "కొమ్మలు వీధికి అడ్డం," అని వంక పెట్టి, మొలలోతు మొద్దు మిగిలేలా చెట్టును నరికించాడు. ఓబులమ్మ అడ్డం పడలేదు, ఏడవలేదు. మొద్దు తల మీద ఇంత పేడముద్ద పెట్టి లోపలికి పోయింది.

మునగ గుణం మీకు చెప్పాలి. నరికితే అది పగబట్టినట్టు చిగురిస్తుంది. ఒక్క కొమ్మ ఉన్నచోట పిడికెడు కొమ్మలు లేచాయి. ఇదివరకు ఆకు దోటికి అందేది. ఇప్పుడు చేతికి అందుతోంది. తిప్పమ్మ అయితే పీట వేసుకుని కూర్చుని కోసుకుంటోంది.

ఒకరోజు చెంగప్ప ఆ వీధిన పోతుంటే ఓబులమ్మ పిలిచి మరీ చెప్పింది. "దోటి పని తప్పించావు సామీ. ఇది మాత్రం నిజంగా నీ చలవే."

వీధి వీధంతా నవ్వింది. ఆ నవ్వు చెంగప్ప వీపున ములుకులా దిగింది.

ఎండాకాలం చివర, తొలకరికి ముందు, ఆయన ఊళ్లోకి బండ్లు తోలుకుని వచ్చాడు. గొడ్డళ్లతో పాటు గడ్డపారలు కూడా తెచ్చాడు. ఒక్క ఇల్లు వదలకుండా మునగచెట్లన్నీ నరికించాడు. మొద్దులు కూడా వేళ్లతో సహా పెకలించి పొయ్యిల్లోకి పంపాడు. కొమ్మలన్నీ బండ్లకెత్తించాడు.

ఓబులమ్మ పెరట్లో చెట్టున్నచోట గుంత మిగిలింది. ఆమె ఆ గుంత పక్కన కూర్చుంది. రంగి బిడ్డ అప్పటికి బుడిబుడి పరుగులు తీస్తోంది. పడిన ఆకు ఒకటి ఏరి నోట్లో పెట్టుకుంది. ఓబులమ్మకు మొదటిసారి కళ్లు చెమ్మగిల్లాయి. రేపు ఈ బిడ్డ కోసం ఆ మంచం ముందు వంగాలా?

అంతలో చాటింపు వినబడింది. రాజతోట ముళ్లకంచెకు చెదలు పట్టిందట. ఈ మునగకొమ్మలతోనే తోట చుట్టూ కొత్త కంచె కట్టాలట. ఊరంతా వచ్చి పాతాలట.

"మీ పొగరంతా నా తోటకు గుంజలవుతుంది," అన్నాడు చెంగప్ప, కొమ్మల గుట్ట మీద కాలు పెట్టి. "రోజూ చూసుకుంటూ వచ్చి ఏతమెక్కండి."

జనం తలలు వేలాడేశారు. ఒక్కరూ కొమ్మ ముట్టలేదు. ఓబులమ్మ ముందుకు వచ్చింది. ఒక కొమ్మ ఎత్తి, నరికినచోట వేలితో తాకి చూసింది. ఇంకా పచ్చిగానే ఉంది. ఆకాశం వైపు చూసింది. పడమట మబ్బు కడుతోంది.

"రండమ్మా, పాతుదాం," అంది జనంతో. "దొరగారి కంచె. శ్రద్ధగా పాతాలి."

"నీకు మతి పోయిందా ఓబులా?" అంది తిప్పమ్మ.

"మొదలు కిందికి అత్తా, కొన పైకి. తలకింత పేడముద్ద."

తిప్పమ్మ ఆమె ముఖంలోకి చూసింది. కొమ్మల గుట్ట వైపు చూసింది. తరవాత చీర పైకి దోపుకుని పేడతట్ట ఎత్తుకుంది.

ఇక చూడాలి ఆ పని. ఎవరూ అదిలించకుండానే లోతుగా గుంతలు తీశారు. మట్టి మెత్తగా చిదిపి పూడ్చారు. ఒక్క కొమ్మ కూడా తలకిందులు కాలేదు.

"ఈ పేడ ఎందుకు?" అన్నాడు చెంగప్ప.

"ఎండకు గుంజ చీలకుండా సామీ," అంది ఓబులమ్మ. అందులో అబద్ధం ఏమీ లేదు.

చెంగప్ప పొంగిపోయాడు. ఇంత వినయం ఆయన ఎన్నడూ చూసి ఉండలేదు. ఆ సాయంత్రం అడగకుండానే అందరికీ తోటకూర కట్టలు పంచాడు. ఓబులమ్మ మాత్రం పేడ చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"నాకొద్దు సామీ. తొలకరి రానీ."

తొలకరి వచ్చింది. కంచె చిగురించింది.

ఒక మూల కాదు, తోట చుట్టూ, గుంజ గుంజకూ పచ్చగా చిగురించింది. రెమ్మలు బాటవైపు వేలాడాయి. బాట ఊరిది. బాటన పోయేవాళ్లు చెయ్యి చాపి కోసుకుని పోతున్నారు. వాకిలి తొక్కే పని లేదు, మంచం ముందు నిలబడే పని లేదు. చెంగప్ప భటులచేత చిగుళ్లన్నీ గిల్లించాడు. గిల్లినచోటల్లా రెండేసి లేచాయి. కంచె మొత్తం పీకించేద్దామా అనుకున్నాడు. పీకిస్తే పశువులు పడి తోట పోతుంది. ఉంచితే పెత్తనం పోతుంది. మంచం మీద కూర్చుని ఈ రెండింటి మధ్యా ఏతం తొక్కుతూ ఉండిపోయాడు పాపం.

ఏతం తొక్కేవాళ్లు లేక తోటలో మళ్లు ఎండాయి. మరుసటేడు వానలు మొహం చాటేశాయి. రాజతోట బావిలో రాయి కనిపించింది. సరిగ్గా ఆ ఏడే రాజుగారు తోట చూడటానికి వచ్చారు. కొన్నేళ్లకొకసారి తోటలో కూర్చుని, అక్కడి కూరతో భోంచేసి పోవడం ఆయన ఆనవాయితీ.

విస్తరి వేశారు. అన్నం వడ్డించారు. రాజుగారు చుట్టూ చూశారు. మళ్లలో బీటలు తప్ప ఏమీ లేదు.

"కూర ఏదీ?"

చెంగప్ప చేతులు కట్టుకున్నాడు. "బావి ఎండింది ప్రభూ. ఊరివాళ్లు పనికి రావడం లేదు."

"మరి ఆ పచ్చగా ఉన్నదేమిటి?"

"కంచె ప్రభూ."

"ఎవరు పాతించారు?"

"నేనే ప్రభూ," అన్నాడు చెంగప్ప.

బాట మీద జనం మూగి ఉన్నారు. వాళ్లలో ఓబులమ్మ ఉంది. రాజుగారు ఆకలిగా ఉన్నారని ఆమెకు తెలిసింది. ఆకలిగొన్నవాడు ఎవరైనా ఆకలిగొన్నవాడే. తోటలోకి వచ్చి, తన గుడ్డమూట విప్పి, జొన్నరొట్టె మీద మునగాకు పప్పు పెట్టి విస్తట్లో ఉంచింది. రాజుగారు తిన్నారు. మళ్లీ పెట్టమన్నారు.

అప్పుడు చెంగప్ప వంగి ఆయన చెవిలో ఏదో ఊదాడు. రాజుగారు తలూపి, నములుతూనే అన్నారు. "మంచి కూర. ఈ కంచె రాజతోటది కదా. ఇకనుంచి ఆకు కోసుకునేవాళ్లు వాకిట్లోకి వచ్చి, చలవ చెప్పి కోసుకోవాలి."

ఇన్నాళ్ల పాట్లూ బూడిదలో పోసిన పన్నీరేనా అనుకున్నారు జనం. చెంగప్ప మంచం వైపు ఒక చూపు చూసి చిన్నగా నవ్వుకున్నాడు.

ఓబులమ్మ కదల్లేదు.

"ఎవరి చలవ అనమంటారు ప్రభూ?" అంది. "కొమ్మ మాది. నరికింది చెంగప్ప. పాతింది మేము. నీళ్లు పోసింది వాన. ఇందులో తమరు ఎక్కడున్నారో చూపించండి, అక్కడ దండం పెడతాను."

రాజుగారి చెయ్యి విస్తరికీ నోటికీ మధ్య ఆగింది.

"పొగరు ప్రభూ," అన్నాడు చెంగప్ప. "కంచె మొత్తం నరికిస్తే దారికొస్తారు."

"నరికించండి," అంది ఓబులమ్మ. "ఒకసారి నరికించారు, చేతికి అందింది. రెండోసారి పెకలించారు, తోట చుట్టూ వచ్చింది. మూడోసారి గిల్లించారు, దట్టమైంది. నాలుగోసారి కూడా కానివ్వండి ప్రభూ. కొమ్మలు కావాలని పక్క ఊళ్లవాళ్లు అడుగుతున్నారు."

రాజుగారు నవ్వలేదు, కోప్పడలేదు. రొట్టె చివరి ముక్క పప్పులో అద్ది, నెమ్మదిగా నమిలారు. ఎండిన మళ్ల వైపు చూశారు. కంచె వైపు చూశారు. తన విస్తట్లోకి కూర ఎక్కడినుంచి వస్తుందో ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. మొదటిసారి అడిగితే జవాబు కంచె చెప్పింది.

ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. "ఆజ్ఞ రద్దు," అన్నారు. "ఎవరి పెరడు వాళ్లది. ఈ కంచె ఊరిది. చెంగప్పా, ఆ మంచం తీయించు, దారికి అడ్డంగా ఉంది."

తరవాత ఓబులమ్మ దగ్గరికి వచ్చారు. "అమ్మా, మా కోట పెరట్లో పాతుకోవడానికి ఒక కొమ్మ ఇస్తావా?"

"కొమ్మ అడిగారు కాబట్టి ఎప్పటికీ ఇస్తాను ప్రభూ."

"తీసుకునేటప్పుడు ఏమనాలి?"

"ఏమీ అనక్కరలేదు. మొదలు కిందికి, కొన పైకి. తలకింత పేడముద్ద."

మర్నాడు పొద్దున ఓబులమ్మ పెరటి గుంతలో మళ్లీ కొమ్మ పాతుతుంటే, గడప దగ్గర ఎవరో సందేహిస్తూ నిలబడ్డారు. చెంగప్ప. ఇప్పుడు ఆయన ఇంట్లోనూ కూర లేదు మరి. ఓబులమ్మ మంచి కొమ్మ ఒకటి చూసి తీసి చాచింది. అందుకోబోతూ చెంగప్ప నడుము దానంతట అదే వంగింది.

"నిలబడి తీసుకో సామీ," అంది ఓబులమ్మ.

కథ కంచికి పోయింది, మనం పెరట్లోకి పోదాం. నీతి మాత్రం కొంగున ముడేసుకోండి: తల వంచి తెచ్చుకున్న కూర ఒక పూటకే, తలెత్తుకుని పెంచుకున్న చెట్టు తరతరాలకూ.